పాఠకుల ప్రశ్నలు: పాత లినక్స్ డబ్బాకి ఏ బ్రౌజరు?

పాత కంప్యూటర్లలో లినక్స్ వేసుకోవడం గురించి రాసినప్పటి నుంచీ వస్తున్న ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోల. లినక్స్ బాగానే ఉంది, బ్రౌజరు తెరిస్తేనే ప్రాణం పోతోంది అని. అందుకే ఈసారి అన్నీ బ్రౌజరు ప్రశ్నలే తీసుకున్నాను. మొదటి జవాబు కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

ప్రశ్న: మా ఇంట్లో 2009లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్. మా తమ్ముడి కొడుకు ఎప్పుడో లినక్స్ మింట్ 19.3 వేసిచ్చాడు. పేపరు చదువుకోవడం, మెయిల్, పెన్షన్ సైటు, అప్పుడప్పుడు యూట్యూబులో ప్రవచనాలు, ఇంతే నా వాడకం. ఫైర్‌ఫాక్స్ తెరిచి, వెళ్లి కాఫీ కలుపుకొని వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. వాణ్ణడిగితే "అత్తా, ఏదైనా లైట్ బ్రౌజర్ వేసుకో" అంటాడు. నెట్‌లో చూస్తే ఫాల్కన్, మిడోరి, పేల్ మూన్, డిల్లో అంటూ పది పేర్లున్నాయి. ఏది వేసుకోమంటారు?
— రిటైర్డ్ టీచర్, తెనాలి

జవాబు: టీచర్ గారూ, మీ మేనల్లుడు చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే పదేళ్ల కిందటి నిజం. అప్పట్లో బ్రౌజరుకీ బ్రౌజరుకీ బరువులో నిజంగానే తేడా ఉండేది. ఇప్పుడు ఆ పది పేర్ల మూత తీసి చూస్తే లోపల పేజీని గీసే ఇంజన్లు మూడో నాలుగో. క్రోమ్, క్రోమియం, బ్రేవ్, వివాల్డి, ఒపెరా, ఎడ్జ్ అన్నిట్లోనూ బ్లింక్. ఫాల్కన్ చూడ్డానికి బుల్లిగా ముచ్చటగా ఉంటుంది గానీ లోపలున్నది క్యూటీ వెబ్‌ఇంజన్, అంటే అదీ క్రోమియమే. మిడోరి ఒకప్పుడు వెబ్‌కిట్ అనే ఇంకో ఇంజన్ మీద తేలిగ్గా నడిచేది, ఇప్పుడది ఫైర్‌ఫాక్స్ వంశంలో కలిసిపోయింది. పేల్ మూన్ ఎప్పుడో ఫైర్‌ఫాక్స్ నుంచి వేరుపడి సొంత కాపురం పెట్టుకుంది, పాత మిషన్‌లో చురుగ్గానే ఉంటుంది, కానీ కొత్త సైట్లు కొన్ని దాన్ని గుర్తుపట్టవు, "మీరు మనిషేనా" అని అడిగే తనిఖీ పేజీ దగ్గరే గిరగిరా తిరుగుతూ ఉంటుంది. పెన్షన్ సైటు ముందు కూర్చుని ఆ బాధ మీకెందుకు.

ఒక ముచ్చట చెప్పి అసలు విషయానికి వస్తాను. ఈ బ్లింక్‌కి తాత లినక్స్ ఇంటివాడే. లినక్స్‌కి తెరమీది హంగులు తయారుచేసే కేడీఈ వాళ్లు తమ డెస్క్‌టాప్ కోసం కేహెచ్‌టీఎంఎల్ అని రాసుకున్న ఇంజన్‌ని ఆపిల్ తీసుకుని వెబ్‌కిట్ చేసింది, 2003 జనవరిలో దాంతో సఫారీ తెచ్చింది. 2013లో గూగుల్ ఆ వెబ్‌కిట్‌లోంచి ఒక పాయ తీసి బ్లింక్ అని పేరు పెట్టుకుంది. ఇప్పుడు అదే కేడీఈ వాళ్ల ఫాల్కన్ లోపల బ్లింక్ నడుస్తోంది. మనవడు తాతగారింటికొచ్చాడు, కాకపోతే బాగా ఒళ్లు చేసి వచ్చాడు.

సరే, మరి మెమరీ ఎవరు తింటున్నారు? మీరు తెరిచే పేజీ. మీ 2 జీబీలో మింట్ లేచి కూర్చునేసరికే మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పోతుంది. మిగిలిన దాంట్లో బ్రౌజరు, దాంట్లో మెయిలు ఒక ట్యాబు, పేపరు ఇంకో ట్యాబు. మన తెలుగు వార్తల సైటు ఒకటి తెరిస్తే వార్త నాలుగు పేరాలు, దాని చుట్టూ తనంతట తానే ఆడే వీడియో, కింద నుంచి పైకి లేచే ప్రకటన, పక్కన మెరిసే బొమ్మ, కనపడకుండా మిమ్మల్ని లెక్కపెట్టే స్క్రిప్టులు. ఆ పేజీని ఏ బ్రౌజరులో తెరిచినా ఆ సామానంతా దిగాల్సిందే. ర్యామ్ నిండగానే లినక్స్ కొంత సామాను హార్డ్ డిస్కు మీదికి, అంటే స్వాప్‌లోకి తోస్తుంది. ఈసారి మీ డబ్బా ముందువైపు చూడండి, హార్డ్ డిస్కు లైటు ఆరకుండా వెలుగుతూ, లోపల కరకరమని చప్పుడు, మౌసు బాణం ఒకచోట ఆగి ఆగి దూకుతుంటే అదే జరుగుతున్నట్టు. మీ కాఫీ టైమంతా అందులోనే పోతోంది.

అందుకని నేను చెప్పే బ్రౌజరు మీరు వాడుతున్న ఫైర్‌ఫాక్సే. నిరాశపడకండి, దాన్ని అలాగే ఉంచమనడం లేదు. మొదటి పని, దాంట్లో యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజరుకి తగిలించే చిన్న ప్రోగ్రాము) వేయండి. ప్రకటనల్ని దాచిపెట్టడం కాదు, అసలు దిగకుండానే ఆపుతుంది, కాబట్టి మెమరీ, డేటా రెండూ మిగులుతాయి. నా దగ్గరున్న ఇలాంటి పాత మిషన్‌లో బ్రౌజరు మార్చినప్పుడు కనపడని తేడా ఇది వేసిన రోజు కనపడింది. క్రోమ్‌లో దీని పూర్తి రూపం 2025లో ఆగిపోయింది, ‘లైట్’ అని ఒక తమ్ముడు మిగిలాడు, పర్లేదు గానీ అన్న అన్నే. ఫైర్‌ఫాక్స్ వైపు మొగ్గడానికి నాకు ఇదొక్కటే పెద్ద కారణం.

ఇంకోటి ట్యాబుల సంగతి. మీ ఉత్తరంలో లేదు కానీ అడుగుతాను, ఎన్ని తెరిచి పెడతారు? మా ఇంట్లో ఒకావిడ పదిహేడు తెరిచి "ఏం చేయకుండానే స్లో అయింది" అంటుంది. ఫైర్‌ఫాక్స్ 140 నుంచి ట్యాబు మీద కుడి క్లిక్ చేస్తే ‘అన్‌లోడ్ ట్యాబ్’ అని వస్తుంది, అది నొక్కితే ట్యాబు పైన అలాగే ఉంటుంది, మెమరీ మాత్రం వదిలేస్తుంది. ఏ ట్యాబు ఎంత తింటోందో చూడాలంటే షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, జాబితా వస్తుంది. ఒకసారి చూస్తే ఎవరు దొంగో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. మింట్ 19.3కి సపోర్టు 2023 ఏప్రిల్‌లోనే అయిపోయింది. అంటే మీ ఫైర్‌ఫాక్స్‌కి మింట్ వైపు నుంచి కొత్త వెర్షన్లు రావడం లేదు, పైన చెప్పిన అన్‌లోడ్ కూడా మీకు కనపడదు. అందులో పెన్షన్, బ్యాంకు పనులు చేయొద్దు, ఇవాళ్టి నుంచే ఆపేయండి. కొత్త మింట్ వేయించండి, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక డెస్క్‌టాప్ ఉన్న రకం. మీ మేనల్లుడు "అది 64 బిట్, ఈ డబ్బాకి ఎక్కదు" అనొచ్చు. ఎక్కుతుంది. కోర్ 2 డ్యుయో 64 బిట్ ప్రాసెసరే, ఆ రోజుల్లో చాలామంది దానిమీద 32 బిట్ వేసి వదిలేశారు. అనుమానముంటే టెర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ అని చిన్న అక్షరాల్లో కలిపి కొట్టమనండి, పై వరసల్లో 32 బిట్, 64 బిట్ అని రెండూ కనపడితే సందేహం లేదు.

పనిలో పనిగా ర్యామ్. 2009 డెస్క్‌టాప్ అంటే మదర్‌బోర్డు జీ31 అయ్యుండే అవకాశం ఎక్కువ, అది డీడీఆర్2 రకం ర్యామ్ 4 జీబీ దాకా తీసుకుంటుంది. కొత్తవి దొరకవు, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారు లాంటి చోట్ల పాతవి దొరుకుతాయి, ఎవరైనా అటు వెళ్తుంటే తెప్పించుకోండి. తెప్పించుకునేదాకా జెడ్‌ర్యామ్ అని ఒకటి ఆన్ చేయించండి, అది సామాన్ని డిస్కు మీదికి తోయకుండా ర్యామ్‌లోనే కుదించి మడిచి పెడుతుంది. చీరలు మడిచి బీరువాలో సర్దినట్టు, బీరువా అదే, పట్టేవి ఎక్కువ. ఇంకా డబ్బులు పెట్టగలిగితే ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్కు బదులు పెట్టుకునే చురుకైన డిస్కు. అది పెట్టాక కాఫీ ముందే కలుపుకొని కూర్చోండి.

ప్రశ్న: అన్నా, మా బాబాయి పాత నెట్‌బుక్ ఇచ్చాడు, ఇంటెల్ ఆటమ్ ఎన్270, 1 జీబీ ర్యామ్. డిగ్రీ సెకండియర్ నాది. క్రోమ్ డౌన్‌లోడ్ చేద్దామంటే 32 బిట్‌ది ఎక్కడా కనపడటం లేదు. ఏదో సైటులో పాత వెర్షన్ దొరికింది, వేసుకోవచ్చా?
— సిద్దిపేట నుంచి ఒక విద్యార్థి

జవాబు: వద్దు తమ్ముడూ. క్రోమ్ 32 బిట్ లినక్స్‌ని 2016 మార్చిలోనే వదిలేసింది. నీకు దొరికింది అప్పటిదే అయ్యుంటుంది, అన్నేళ్ల కన్నాలు పూడ్చని గోడ అది, పైగా ఎవడో తెలియనివాడి సైటులోంచి. అందులో పాస్‌వర్డ్ కొట్టడమంటే సంతలో అరిచి చెప్పినట్టే.

ఎన్270 అచ్చంగా 32 బిట్ చిప్పు, టీచర్ గారి డెస్క్‌టాప్‌కి చెప్పిన చిట్కా దీనికి పనికిరాదు. (ఇదే కాలపు ఎన్450 అయితే 64 బిట్. స్టిక్కరు మీద రెండిటికీ ‘ఆటమ్’ అనే ఉంటుంది కాబట్టి మిగతావాళ్లు నంబరు చూసుకోండి.) నీకు మిగిలింది ఫైర్‌ఫాక్స్ ఈఎస్‌ఆర్, అంటే ఎక్కువకాలం సపోర్టు ఉండే రకం. మామూలు ఫైర్‌ఫాక్స్‌లో 32 బిట్ లినక్స్‌కి ఆఖరుది 144, 2025 నవంబరులో వచ్చిన 145 నుంచి లేదు. ఈఎస్‌ఆర్ 140కి మాత్రం 2026 సెప్టెంబరు దాకైనా అప్‌డేట్లు ఇస్తామని మొజిల్లా చెప్పింది. ఓఎస్ సంగతీ అంతే, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13ని 32 బిట్ మిషన్ మీద ఇన్‌స్టాల్ చేసుకునే వీలు లేదు. డెబియన్ 12 మీద కట్టిన యాంటీఎక్స్ 23కి 32 బిట్ ఉంది, అది వేసుకో, డెస్క్‌టాప్ వెలవెలబోయినట్టు ఉంటుంది గానీ మెమరీ విషయంలో పొదుపరి. నెట్‌బుక్ వెనక చిన్న మూత ఉంటే తీసి చూడు, ఒకే స్లాటు ఉంటుంది, అందులో 2 జీబీ స్టిక్కు వేయొచ్చు, అంతకుమించి ఆ బోర్డు తీసుకోదు.

ఒక్కమాట నిర్మొహమాటంగా చెబుతాను. కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు, పరీక్ష ఫీజు, రైలు టికెట్టు లాంటివి ఈ నెట్‌బుక్‌లో పెట్టుకోకు. టైమర్ తిరుగుతుండగా పేజీ బిగుసుకుపోతే ఆ టెన్షన్ ఎవడికి కావాలి, ఫోన్‌లో చేసుకో, లేదా ఫ్రెండు లాప్‌టాప్‌లో. నోట్సు రాసుకోవడం, పీడీఎఫ్ చదవడం, సీ ప్రోగ్రాములు కొట్టి రన్ చేయడం, వికీపీడియా వీటికి ఇది ఇంకా చాలాకాలం పనికొస్తుంది. బాబాయికి థాంక్స్ చెప్పు.

ప్రశ్న: ఖమ్మంలో ఉంటాను. మీలాంటివాళ్లే ఎక్కడో రాస్తే చదివి డిల్లో వేశాను. రెప్పపాటులో తెరుచుకుంటోంది, ఆశ్చర్యంగా ఉంది. కానీ తెలుగు అంతా ముక్కలు ముక్కలు. ఫాంటు మార్చినా అంతే. ఏం చేయాలి?

జవాబు: ఏం చేసినా కుదరదండి, అది ఫాంటు జబ్బు కాదు. మన లిపిలో అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతే చాలదు, గుణింతం అతకాలి, ఒత్తు కిందికి దిగాలి. ఆ అతికే పనికి వేరే పనివాడు ఉండాలి. ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో హార్ఫ్‌బజ్ అనేవాడు ఆ పని చేస్తాడు. తెరమీద గీయడానికి డిల్లో వాడే ఎఫ్‌ఎల్‌టీకే అనే లైబ్రరీ దగ్గర ఆ పనివాడు లేడు, అక్షరాల్ని వచ్చినవి వచ్చినట్టు వరసగా పెట్టేస్తుంది. ‘లక్ష్మి’ కాస్తా ‘లక్‌ష్‌మి’ అవుతుంది. ఇంగ్లీషువాళ్లు రాసిన తేలిక బ్రౌజర్ల జాబితాల్లో ఈ సంగతి కనపడదు, వాళ్లకి ఆ అవసరం రాదు కదా. టెర్మినల్‌లో నడిచే లింక్స్, డబ్ల్యూ3ఎమ్ లాంటివాటిలోనూ మనకి దాదాపు ఇదే గతి.

తేలిగ్గానూ ఉండాలి, తెలుగూ చదవాలి అంటే నెట్‌సర్ఫ్ జీటీకే రకం చూడండి, అది పాంగో అనే అతికే పనివాడి ద్వారా రాతని గీస్తుంది కాబట్టి ఒత్తులు చాలావరకు కుదురుగా ఉంటాయి. జావాస్క్రిప్టు మాత్రం దానికి అంతంతమాత్రం, డిల్లోకైతే అసలు లేదు. లాగిన్ అవ్వాల్సిన సైట్లు ఇలాంటివాటిలో తెరవాలని చూడకండి. ముక్కలుగా కాకుండా తెలుగు బదులు ఖాళీ డబ్బాలు కనపడితే మాత్రం అది ఫాంటు లేకపోవడమే, డెబియన్, ఉబుంటు, మింట్లలో ఫాంట్స్-టెలు అనే ప్యాకేజీ వేస్తే సరిపోతుంది. అలాగని డిల్లోని తీసిపారేయకండి. 1999లో మొదలై, 2015 తర్వాత మూగబోయి, 2024లో మళ్లీ 3.1తో లేచిన ప్రాణం అది. ఇంగ్లీషు మాన్యువల్ పేజీలు చదువుకోవడానికి నేనిప్పటికీ వాడుతుంటాను.

ప్రశ్న: అనకాపల్లిలో జిరాక్స్ షాపు నాది. షాపులో ఉన్న పాత లినక్స్ సిస్టమ్‌లో పొద్దున్నే ఏ సైటు తెరిచినా ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అంటుంది. బ్రౌజరు పాడైందని మూడు మార్చాను, క్రోమియం, బ్రేవ్, ఫైర్‌ఫాక్స్. మూడూ అదే మాట. వైరసా?

జవాబు: మీ కంప్యూటరు కుడి మూలన ఉన్న తేదీ చూశారా? ఏ 2010 జనవరి 1వ తేదీనో ఉంటుంది, పందెం. వైరస్ కాదు, బ్రౌజరూ కాదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఒకటి ఉంటుంది, సీఆర్2032, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. రాత్రి షాపు మూసి మెయిన్ ఆపేసి వెళ్తారు కదా, సెల్ చచ్చింది కాబట్టి తేదీ మొదటికొస్తుంది. ప్రతి సైటుకీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుంది అని ఒక సర్టిఫికెట్టు ఉంటుంది. మీ కంప్యూటరు 2010లో కూర్చుని ఈ ఏడాది సర్టిఫికెట్టు చూస్తే "ఇది ఇంకా పుట్టనే లేదు" అంటుంది మరి.

వాచీల షాపులో ఆ సెల్ దొరుకుతుంది, పెద్ద ఖర్చేం కాదు. ప్లగ్గు పీకేసి, పాతది తీసి, రాత ఉన్న వైపు పైకి ఉండేలా కొత్తది నొక్కండి. ఒకసారి తేదీ సరిచేసి, సెట్టింగుల్లో టైమును నెట్ నుంచి తీసుకునేది ఆన్‌లో ఉందో లేదో చూడండి. తేదీ సరిగ్గానే ఉండి కూడా కొన్ని సైట్లు ఇలా అంటుంటే అప్పుడు ఓఎస్ మరీ పాతదని అర్థం. చాలా సైట్లకి సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌కి ఆధారంగా నిలిచిన పాత రూట్ (మూల) సర్టిఫికెట్టు ఒకటి 2021 సెప్టెంబరు 30న గడువు తీరింది, ఆ రోజు పాత సిస్టమ్‌లు చాలా ఇలాగే మొరాయించాయి. ఎటుపోయి ఎటొచ్చినా ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి ‘పర్లేదు, వెళ్లు’ అనడం మాత్రం అలవాటు చేసుకోకండి. మీ షాపుకి వచ్చేవాళ్లు ఆధార్లూ ఓటీపీలూ మీ చేతిలో పెడతారు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను, నాన్నగారు కడపలో. ఆయన లాప్‌టాప్ సెకండ్ జనరేషన్ ఐ3, 4 జీబీ, పోయినసారి వచ్చినప్పుడు మింట్ 22, ఫైర్‌ఫాక్స్ వేసి వచ్చాను. అన్నీ బాగున్నాయట, యూట్యూబ్ వీడియోలు మాత్రం ఆగి ఆగి వస్తున్నాయి, ఫ్యాను విమానంలా అరుస్తోంది అంటున్నారు. ఇక్కణ్ణుంచి ఫోన్‌లో చెప్పి చేయించగలిగేది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. ముందు నాన్నగారి చేత వీడియో మీద కుడి క్లిక్ చేయించి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ నొక్కించండి. మూలన నల్ల పెట్టె వస్తుంది, అందులో కోడెక్స్ (వీడియోని కుదించే పద్ధతి) అనే వరసలో ఏముందో చదవమనండి. ఏవీ01 అనో వీపీ09 అనో ఉంటే దొంగ దొరికినట్టే. సెకండ్ జనరేషన్ చిప్పు 2011 నాటిది, దాంట్లో వీడియో విప్పే ప్రత్యేక భాగానికి హెచ్.264 వచ్చు, ఆ రెండూ రావు. రానిది పంపితే ఆ చాకిరీ అంతా ప్రాసెసరు నెత్తిన పడుతుంది, అందుకే ఫ్యాను ఆ అరుపు.

ఎన్‌హాన్స్‌డ్ హెచ్264ఐఫై అనే ఎక్స్‌టెన్షన్ ఫైర్‌ఫాక్స్‌కి ఉంది. అది వేసి వీపీ9, ఏవీ1, 60 ఎఫ్‌పీఎస్ మూడిటికీ టిక్కు పెడితే యూట్యూబు హెచ్.264లోనే పంపుతుంది. మళ్లీ అదే నల్ల పెట్టె చూడమనండి, ఏవీసీ1 అని ఉండాలి. హెచ్.264 అక్కడ 1080పీ దాకానే దొరుకుతుంది, ఆ లాప్‌టాప్ తెరకి 720పీ చాలు కాబట్టి నష్టమేం లేదు. ఇంటెల్ చిప్పులకి హార్డ్‌వేర్ డీకోడింగ్‌ని, అంటే ఆ ప్రత్యేక భాగంతోనే వీడియో విప్పించడాన్ని, ఫైర్‌ఫాక్స్ 115 నుంచి లినక్స్‌లో తనంతట తానే ఆన్ చేస్తోంది, కానీ ఇంత పాత చిప్పుకి ఐ965 వీఏ డ్రైవర్ అనే ప్యాకేజీ ఉండాలి. సాఫ్ట్‌వేర్ మేనేజరులో వెతికించి, లేకపోతే వేయించండి. ఫోన్‌లో ఇంత చెప్పడం కష్టం అనుకుంటే ఎక్స్‌టెన్షన్ ఒక్కటే చేయించి, వీడియో కింద పళ్లచక్రం గుర్తు నొక్కి 480పీ పెట్టించండి, డ్రైవరు సంగతి మీరు ఈసారి కడప వచ్చినప్పుడు చూసుకోవచ్చు.